పెరటి వైద్యం – పత్ర సాక్ష్యం

వేలు తెగితే పసుపు అద్దాలని తెలుగునాట ఎవరూ ఎవరికీ ప్రత్యేకించి నేర్పరు. చూచి అబ్బే విద్య అది. 1995 మార్చి 28న అమెరికా పేటెంటు కార్యాలయం ఈ పనినే, అంటే గాయం మానడానికి పసుపు పొడి వాడటాన్ని, ఒక నూతన ఆవిష్కరణగా అంగీకరించి మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 5,401,504 సంఖ్యగల పేటెంటును మంజూరు చేసింది. దానిని కోరిన పరిశోధకులు ఇద్దరూ భారత సంతతివారే కావడం గమనార్హం. బెణుకులకు, వాపులకు భారతదేశంలో పసుపును సంప్రదాయ వైద్యంగా చిరకాలంగా వాడుతున్నారన్న మాట ఆ పేటెంటు పత్రంలోనే ఉంది. అయినప్పటికీ పేటెంటు లభించింది.

మరుసటి సంవత్సరం అక్టోబరులో మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ఆ పేటెంటును తిరిగి పరిశీలించవలసిందిగా కోరింది. అప్పటి డైరెక్టర్ జనరల్ ఆర్.ఎ. మాషేల్కర్ నాయకత్వంలో జరిగిన ఈ ప్రయత్నంలో మండలి సమర్పించిన ఆధారాలు ముప్పైరెండు. వాటిలో కొన్ని నూరేళ్ళు దాటినవి. సంస్కృతం, ఉర్దూ, హిందీ భాషలలోనివి. 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన ఒక వ్యాసం కూడా వాటిలో చేరింది. 1997 ఆగస్టులో పేటెంటు కార్యాలయం అందులోని హక్కులన్నింటినీ తిరస్కరించింది. ఒక వర్ధమాన దేశం తన సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంటును రద్దు చేయించగలగడం అదే ప్రథమమని ఆనాడు పత్రికలు కొనియాడాయి.

ఆ కొనియాడటంలో తప్పు లేదు. కాని విజయం సాధించింది ఏ సాక్ష్యంతో అన్నది ఆలోచించదగిన విషయం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, ఒక విషయం అమెరికాలో జనులకు తెలిసినదైతే చాలు, అది కొత్తది కాకుండా పోతుంది. విదేశాలలో మాత్రం అది అచ్చులో వెలువడి ఉండాలి, లేదా పేటెంటు పొంది ఉండాలి. కోట్లాది ఇళ్ళలో తరతరాలుగా వాడుకలో ఉన్నా సరే, అచ్చు కాకపోతే చట్టం దృష్టిలో అది లేనట్టే. ముప్పైరెండు ఆధారాలూ కాగితాలే. వంటింటి నుంచి నేరుగా వచ్చిన సాక్ష్యం ఒక్కటీ వాటిలో లేదు. చట్టం దానిని అడగనూ లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవారొక సామెత చెబుతారు. వాషింగ్టన్‌లో పెరటి చెట్టుకు విలువ రావడానికి అది ఏనాడో ఎవరో రాసిపెట్టిన గ్రంథంలోకి ఎక్కి ఉండవలసి వచ్చింది.

అయితే మన దేశంలో ఇంటి చిట్కాలు ఎప్పుడు, ఎవరి చేత రాయబడ్డాయి? ఏవి రాతకెక్కాయి, ఏవి ఎక్కలేదు?

రాత కంటె ముందే మట్టి సాక్ష్యం ఉంది. హర్యానాలోని ఫర్మానా వద్ద తవ్వకాలలో దొరికిన వంటపాత్రల లోపలి పూతలోను, మనుషుల పళ్ళపై పేరుకున్న గారలోను పసుపు, అల్లం పిండిపదార్థపు రేణువులను పరిశోధకులు గుర్తించారు. అవి సుమారు నాలుగువేల ఐదువందల ఏళ్ళనాటివి. హరప్పా నాగరికతకు చెందిన ఇతర స్థలాలలో కాటుక దిద్దుకునే రాగి పుల్లలు, దంతపు దువ్వెనలు లభించాయి. ఆ జనులు అలంకరించుకున్నారనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. ఆ పసుపును వారు కూరలో మాత్రమే వేశారా, ఒంటికి కూడా రాశారా అన్నది కుండపెంకు చెప్పదు.

రాతలో మొదట కనిపించేది దినచర్య. చరక సంహిత సూత్రస్థానంలోని అయిదవ అధ్యాయం ఆహార మాత్రతో మొదలై, కంటికి అంజనం, పళ్ళు తోముకోవడం, నూనె పుక్కిలించడం, తలకు నూనె, ఒంటికి అభ్యంగనం, స్నానం, శుభ్రమైన బట్టలు, పాదరక్షలు, గొడుగు వరకు నడుస్తుంది. సుశ్రుతుడు చికిత్సాస్థానంలో ఇదే విషయాన్ని మరింత విపులంగా చెప్పాడు. పళ్ళపుల్లకు చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, తీపి చెట్లలో ఇప్ప, కారపు చెట్లలో కానుగ శ్రేష్ఠమని ఆయన నిర్ణయం. ఈనాటికీ పల్లెలలో వేపపుల్ల, కానుగపుల్ల విరిచి పొలానికి వెళ్ళే రైతు సుశ్రుతుని చదివినవాడు కాడు. సుశ్రుతుడే అటువంటి రైతును చూచి రాసుకొని ఉండాలి. శాస్త్రం ముందా, వాడుక ముందా అన్న ప్రశ్నకు వైద్య గ్రంథాలే సమాధానం సూచిస్తాయి: ఓషధుల పేర్లు, రూపాలు గొల్లలకు, మేకల కాపరులకు, అడవిలో తిరిగేవారికి తెలుసునని చరక సంహితే ఒప్పుకుంటుంది. తరువాతి కాలంలో వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దినచర్యకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ఒంటిపై పొడులతో రుద్దడాన్ని ఈ గ్రంథాలు ఉద్వర్తనం అన్నాయి. మనం దానిని నలుగు అంటాం. హిందీవారు ఉబ్‌టన్ అంటారు. ఆ మాట ఉద్వర్తనం అరిగి వచ్చినదే.

ఈ గ్రంథాలలో ఒక విశేషం ఉంది. మందు ఇక్కడితో ముగిసింది, సింగారం ఇక్కడ మొదలైంది అనే గీత వాటిలో లేదు. తలకు నూనె రాస్తే తలనొప్పి రాదు, జుట్టు నెరవదు, నిద్ర బాగా పడుతుంది. మూడూ ఒకే వాక్యపు ఫలితాలు. ఈ గీత గీయవలసిన అవసరం ఆధునిక ప్రభుత్వాలకు, ముఖ్యంగా పన్నులు వసూలు చేసే శాఖలకు కలిగింది. ఎర్ర పళ్ళపొడి ఆయుర్వేద ఔషధమా, ముఖం కడుక్కునే సరుకా అన్న వివాదం ఎక్సైజు సుంకం కారణంగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995లో న్యాయస్థానం, సామాన్య జనుడు దానిని పళ్ళపొడిగానే కొంటున్నాడు కనుక అది ఔషధం కాదని తీర్పు చెప్పింది. అమెరికాలో పసుపుకు పేటెంటు ఇచ్చిన సంవత్సరం కూడా అదే. అక్కడ జనుల వాడుకకు విలువ లేకపోయింది; ఇక్కడ జనుల వాడుకే ప్రమాణమైంది. న్యాయశాస్త్రంలో ఇటువంటి వింతలు అరుదు కావు.

వైద్యుల తరువాత ఈ విషయాన్ని రాసినవారు జ్యోతిష్కులు, రాజులు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయం ఉంది. నక్షత్రాలు, వర్షాలు, వాస్తువు గురించి చెప్పిన మహాపండితుడు తెల్ల వెంట్రుకలకు రంగు వేసే విధానంతో ఆ అధ్యాయాన్ని ఆరంభించడం ముచ్చటైన విషయం. తల నెరసినవానికి పూలదండ, పరిమళం, నగలు ఏవీ నప్పవని ఆయన అభిప్రాయం. ఇనుప పాత్రలో పులిసిన ద్రవంతో ఆరికలు వండి, ఇనుప రజనుతో కలిపి మెత్తగా నూరి, తలకు పట్టించి, తడి ఆకులు చుట్టి రెండు జాములు ఉంచి, ఆ తరువాత కడిగి ఉసిరిక ముద్ద పెట్టాలి. ఇందులో ఏ మహిమా లేదు. పులుపులో కరిగిన ఇనుము, ఉసిరికలోని వగరు పదార్థంతో కలిసి నల్లని రంగు అవుతుంది. వగరు కాయలను, ఇనుప లవణాలను కలిపి రాత సిరా తయారు చేసిన పద్ధతిలో జరిగేది ఇదే. ఈనాడు ఇనుప మూకుడులో గోరింటాకు, ఉసిరిక పొడి రాత్రంతా నానబెట్టి తలకు పెట్టుకునే గృహిణులు తెలియకుండానే వరాహమిహిరుని అనుసరిస్తున్నారు. లేదా ఆయనే వారి పూర్వికురాండ్రను అనుసరించాడు. అదే అధ్యాయంలో పదహారు సుగంధ ద్రవ్యాలను పదహారు గళ్ళలో అమర్చి, నాలుగేసి చొప్పున ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చునో లెక్కించి 1820 అని తేల్చాడు. గణిత చరిత్రకారులు ఈ అధ్యాయాన్ని ఉదహరించేది అందుకే. పరిమళం కోసం లెక్క పుట్టిన సందర్భాలు ప్రపంచంలో ఎక్కువ ఉండవు.

కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతాన రచించిన మానసోల్లాసం రాజభోగాలను అధ్యాయాలుగా విభజించింది. స్నానానికి ఒకటి, మేని పూతలకు ఒకటి, తాంబూలానికి ఒకటి. కల్యాణ నగరం నేటి కర్ణాటకలోని బీదరు జిల్లాలోనిది. తెలుగునాట గణనీయమైన భాగం చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలం అది. మాళవ సుల్తాను ఘియాసుద్దీన్ ఖల్జీ ఆస్థానంలో పదిహేనవ శతాబ్ది చివర మొదలైన నిమత్ నామా వంటకాల పుస్తకంగా ప్రసిద్ధి పొందినా, అందులో అత్తరులు, లేపనాలు, ఒంటికి సత్తువనిచ్చే మందులు కూడా చోటు చేసుకున్నాయి. అక్బరు పాలనకు సంబంధించిన సమస్త వివరాలను నమోదు చేసిన అబుల్ ఫజల్, అయినీ అక్బరీలో పరిమళాల శాఖను వర్ణిస్తూ ఓపట్నా అనే పొడిని పేర్కొని, దానిని సబ్బువలె వాడతారని చెప్పి, దినుసుల తూకాలు కూడా ఇచ్చాడు. ఓపట్నా మన నలుగుపిండికి పారసీక లిపిలో పడిన రూపమే. బంగారు తూకాలకు, గుర్రాల మేతకు ఇచ్చిన శ్రద్ధనే ఆయన నలుగుపిండికీ ఇచ్చాడు. పాలనాధికారులు రాసిన గ్రంథాలలో ఇంటి విద్యకు దక్కిన గౌరవానికి ఇది మంచి ఉదాహరణ.

రాజు నలుగుపిండి రాతకెక్కింది. పేదింటి సున్నిపిండి ఎక్కలేదు. పెసరపిండి లేదా సెనగపిండి, పసుపు, కచ్చూరాలు, బావంచాలు. వీటి పాళ్ళు ఏ ఇంటికాయింట వేరు. కొలమానం చేతి పిడికిలి. శిశువుకు ఒక పాళం, పెండ్లికూతురికి ఒక పాళం, బాలింతకు మరొక పాళం. కుంకుడుకాయ గింజ తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, నురుగు వచ్చేదాకా పిసికి, వడగట్టాలి. రసం కంట్లో పడితే మంట. పిల్లవాని నోట్లో ఉప్పుకల్లు వేస్తే ఏడుపు తగ్గుతుంది. కుంకుడులోను, శీకాయలోను ఉండే సపోనిన్ అనే పదార్థాలే నురుగుకు, జిడ్డు వదలడానికి కారణమని రసాయనశాస్త్రం తరువాత చెప్పింది. తలస్నానం తరువాత సాంబ్రాణి పొగ. దీపావళికి, భోగికి తెల్లవారకముందే తలంట్లు. పెండ్లిలో నలుగు ఒక ప్రత్యేక ఘట్టం. దానికి పాటలు ఉన్నాయి. పాట ఉన్నచోట విద్య నిలిచింది. పాటలు పోయిన ఇళ్ళలో పాళ్ళు కూడా పోయాయి.

ఈ విద్య స్త్రీలది మాత్రమే అనడం కూడా సగం నిజమే. చౌడు మన్నుతో బట్ట మురికి వదిలించి ఉబ్బలో ఉడికించే నేర్పు రజకులది. తలంటి, ఒళ్ళు పట్టి, సెగగడ్డ కోసి కట్టు కట్టే నేర్పు మంగలివారిది. పలుచోట్ల ఆ ఇంటి స్త్రీలే మంత్రసానులు. అడవిలో కుంకుడు, శీకాయ, నల్లజీడి ఏరి సంతకు తెచ్చిన నేర్పు గిరిజనులది. తెలుగు నేలపై గృహవైద్యం పేరుతో పుస్తకాలు వెలువడినప్పుడు వీరి పేర్లు అరుదుగా కనిపిస్తాయి. పని వారిది, కలం మరొకరిది.

పందొమ్మిదవ శతాబ్దిలో కలం పట్టినవారు చాలావరకు ఆంగ్లేయ వైద్యులు. మద్రాసులో పనిచేసిన వైట్‌లా ఎయిన్స్లీ 1813లో హిందూస్థానపు ఓషధుల మీద ప్రకటించిన గ్రంథం, 1826లో దాని విస్తృత రూపం, స్థానిక వైద్యులు, బజారు మందులమ్మేవారు చెప్పిన సమాచారంతో నిండి ఉన్నాయి. 1842లో ఒషానెస్సీ బెంగాల్ ఔషధ గ్రంథం, ఆ శతాబ్ది చివరి దశాబ్దంలో డైమాక్ మొదలైనవారి ఔషధ విజ్ఞాన సంపుటాలు, జార్జి వాట్ కూర్చిన ఆర్థికోత్పత్తుల నిఘంటువు వెలువడ్డాయి. వీటిలో తెలుగు పేర్లు ఆంగ్ల లిపిలో, అప్పుడప్పుడూ వికృతంగా, దర్శనమిస్తాయి. వాణిజ్య ప్రయోజనం కోసం సాగిన కృషి ఇది. అయినా భారతీయ ఓషధుల వాడుకను వెతుక్కునే పండితుడు ఈనాటికీ ఈ గ్రంథాలనే తిరగవేయక తప్పదు. పాలకుల లెక్కల పుస్తకం పాలితుల హక్కుపత్రంగా మారడం చరిత్రలో అప్పుడప్పుడూ జరుగుతుంది.

ఇంటి విద్య సముద్రం దాటి పేరు మార్చుకున్న ఉదంతం కూడా ఆ కాలానిదే. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, తరువాత ఐర్లండుకు వెళ్ళి, 1810లో లండనులో భారతీయ భోజనశాల తెరచి నష్టపోయి, 1814లో బ్రైటన్ పట్టణానికి చేరాడు. అక్కడ ఆవిరి స్నానం, మర్దనం కలిపి ఒక చికిత్సాలయం నెలకొల్పాడు. కీళ్ళనొప్పుల ప్రభువులు బారులు తీరారు. నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజుల ఆస్థాన మర్దన వైద్యుడనే బిరుదు ఆయనకు దక్కింది. 1822లో తన చికిత్సపై ఒక గ్రంథం కూడా ప్రకటించాడు. ఒత్తడం, పిసకడం అనే అర్థంగల హిందుస్తానీ చాంపో శబ్దమే ఆంగ్లంలో షాంపూ. ఆనాడు దానికి ఒళ్ళు పట్టడమనే అర్థం; తల రుద్దుకునే ద్రవమనే అర్థం తరువాత వచ్చింది. చివరికి అదే మాట సీసాలోను, ఆపై రూపాయి పొట్లంలోను తిరిగివచ్చి కుంకుడుకాయను పెరటిలోకి నెట్టింది. దీన్ మహమ్మద్ మాత్రం ఎవరి నుంచీ దాచకుండా, ఇది భారతీయ పద్ధతి అని చాటుకునే వ్యాపారం చేశాడు.

సబ్బు వచ్చింది మరో దారిలో. 1888లో సన్‌లైట్, 1895లో లైఫ్‌బాయ్ ఓడలపై దిగాయి. వాటితోపాటు శుభ్రతకు ఒక కొత్త నిర్వచనం కూడా దిగింది. నలుగు పెట్టుకునేవారిని అనాగరికులుగా చూచే చూపు అది. స్వదేశీ ఉద్యమం ఈ చూపును ఎదిరించింది. కాని అది సున్నిపిండితో కాక స్వదేశీ సబ్బుతో ఎదిరించడం గమనించదగినది. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపుచెక్క ఎగుమతి స్తంభించగా, మైసూరు సంస్థానం గంధపు నూనె తీసి, ఆ నూనెతో సబ్బు తయారీని 1916–18 మధ్య ఆరంభించింది. కలకత్తాలో వేపతోను, బొంబాయిలో జంతువుల కొవ్వు లేకుండాను సబ్బులు చేసినవారు ఉన్నారు. వేప సబ్బు పుట్టుకతోనే ఒక వాదం: పెరటి చెట్టు కర్మాగారంలోనూ పనికివస్తుందని.

ఈ వాదానికి తెలుగువారి వాటా స్వల్పమైనది కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ఆరంభించారు. తలనొప్పికి నుదుట శొంఠిగంధం, కర్పూరం పట్టువేసే ఇంటి పద్ధతికి అది డబ్బాలో ఇమిడిన రూపం. మొదట సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టి దానికి ప్రచారం కల్పించారని ప్రతీతి. ఆ పసుపుపచ్చ డబ్బా రాబడితో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక జన్మించింది. ఆధునిక తెలుగు సాహిత్య విమర్శలో, చరిత్ర పరిశోధనలో భారతి సంచికల పాత్ర విజ్ఞులకు విదితమే. ఒక తలనొప్పి మందు ఒక భాషా సాహిత్యాన్ని ఇంతగా పోషించిన దృష్టాంతం ఇతర భారతీయ భాషలలో వెతికినా దొరకడం కష్టం.

అదే మద్రాసులో వైద్యుడు కె.ఎన్. కేసరి కేసరి కుటీరం ద్వారా స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే ఔషధం అమ్మి, 1928లో గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. రచయిత్రులకు ఆ పత్రిక ఇచ్చిన స్వర్ణకంకణం ఆనాటి తెలుగు స్త్రీలకు లభించిన గొప్ప సాహిత్య సత్కారాలలో ఒకటి. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. దాని పట్ట పేరు సంస్కృత వైద్య గ్రంథాలలో ఉన్నదే. 1902లో వెలువడిన హిందూసుందరి మొదలుకొని స్త్రీల పత్రికలు మొదటిసారిగా ఇంటి విద్యకు స్త్రీల చేతనే అచ్చురూపం ఇప్పించాయి. పిల్లల పెంపకం, ఆరోగ్యం, ఇంటి శుభ్రత, వంట మీద పాఠకురాండ్రు రాశారు. ఇక్కడ కలం పట్టినవారు చదువుకున్న కుటుంబాల స్త్రీలు. కనుక అచ్చయినది కూడా చాలావరకు ఆ ఇళ్ళ విద్యే. అయినా ఇది చిన్న మార్పు కాదు. సుశ్రుతుడు వైద్యుడై, సోమేశ్వరుడు రాజై, అబుల్ ఫజల్ అధికారియై, ఎయిన్స్లీ పరదేశియై రాసినదానిని, ఇక్కడ చేసినవారే రాశారు. తరువాతి వారపత్రికలలో పేజీ అడుగున చిన్న గళ్ళలో పడిన చిట్కాలను పండితులు సాహిత్యంగా పరిగణించలేదు. గ్రంథాలయాలు వాటిని విషయసూచికలోకి ఎక్కించలేదు. 1996లో పసుపుకు సాక్ష్యం వెతికినవారికి అటువంటి ఒక గడి తేదీతో సహా దొరికితే అదీ ముద్రిత ప్రమాణమే అయి ఉండేది.

ఇంటి విద్య అంతా నిర్దోషమని ఈ చరిత్ర చెప్పదు. ఆముదపు దీపం మసితో ఇంట చేసిన కాటుక వేరు, బజారులో అమ్మిన సుర్మా రాయి వేరు. రెండవది తరచు సీసపు ఖనిజం. దానివల్ల పిల్లల రక్తంలో సీసం చేరుతుందని వైద్యులు పలుమార్లు నిరూపించారు. పసుపు రంగు పెంచడానికి సీసపు క్రోమేటు కలుపుతున్న దురాచారాన్ని బంగ్లాదేశ్‌లో 2019లో వెలువడిన పరిశోధన బయటపెట్టింది. ఇక మేనిఛాయ తెల్లబడాలన్న కోరికను నలుగుపిండికి అంటగట్టినది శాస్త్రమూ కాదు, రసాయనమూ కాదు, సంఘం. 1975 నుంచి ఆ కోరికను గొట్టాలలో నింపి అమ్మిన ఒక ప్రసిద్ధ లేపనం 2020లో తన పేరులోని తెలుపును తొలగించుకుంది. పిండి పాళ్ళను కాపాడుకోవలసినంత జాగ్రత్తగా ఈ కోరికను కాపాడనవసరం లేదు.

పసుపు తీర్పు వెలువడిన అనంతరం ప్రభుత్వం రాత వైపే నడిచింది. 2001లో పరిశోధన మండలి, భారతీయ వైద్య విధానాల శాఖ కలిసి సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని నెలకొల్పాయి. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలలోని యోగాలను ఆంగ్లం, జర్మను, ఫ్రెంచి, స్పానిష్, జపనీస్ భాషలలోకి మార్చి, పేటెంటు పరీక్షకులకు అందుబాటులో ఉంచారు. 2009 ఫిబ్రవరిలో ఐరోపా పేటెంటు కార్యాలయంతో మొదటి ఒప్పందం కుదిరింది. నమోదైన యోగాలు నాలుగు లక్షలు దాటాయి. వేపకు సంబంధించిన ఒక శిలీంధ్రనాశిని పేటెంటును అదే కార్యాలయం అంతకుముందే, 2000 మేలో, రద్దు చేసింది; 2005 మార్చిలో అప్పీలును కొట్టివేసింది. ఆ విచారణలో ఐరోపా చట్టం అమెరికా చట్టం వలె కాక, వాడుకను కూడా సాక్ష్యంగా వినగలిగింది. అమెరికా సైతం 2011లో చట్టాన్ని మార్చింది. 2013 మార్చి నుంచి, ప్రపంచంలో ఎక్కడ జనులకు అందుబాటులో ఉన్న విషయమైనా కొత్తది కాదని అది ఒప్పుకుంటుంది. జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా పేటెంటు కోరేవారు వాటి మూలం వెల్లడించాలనే అంతర్జాతీయ ఒడంబడిక 2024 మేలో జెనీవాలో ఆమోదం పొందింది.

డిజిటల్ గ్రంథాలయం అనువదించినవి గ్రంథాలు. గ్రంథానికి ఎక్కనిదానికి మరో పుస్తకం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ఒక కమిటీ ఏర్పడి, ఊరి చెట్టుచేమలను, వాటి వాడుకను, స్థానికులకు తెలిసిన విజ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. నియమం గట్టిదే, అమలు ఊరికొక తీరుగా ఉంది. చాలాచోట్ల చెట్ల జాబితా నిండుతుంది, వాడుక గడి ఒక మాటతో ముగుస్తుంది: కుంకుడు, తలకు. గింజ ఎప్పుడు తీయాలి, నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి, బాలింతకు పసుపు పాళం ఎంత తగ్గించాలి అన్నవి అడగాలంటే నమోదు చేసే ఉద్యోగి పంచాయతీ కార్యాలయపు బల్ల వద్ద నుంచి లేచి పెరటిలోకి వెళ్ళాలి. పసుపు పంటకు పేరుపడిన నిజామాబాదులో 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. దుగ్గిరాల యార్డులో, ఈరోడ్, సాంగ్లీ విపణులలో కొమ్ము ధర రోజూ పలకపై పడుతుంది. ఆ కొమ్మును గాయానికి ఎంత, శిశువుకు ఎంత అని తూచే చేతుల లెక్క ఇప్పటికీ ఆ రిజిస్టరులోని ఖాళీ గడిలోనే ఉంది.